రాగిరేకుకెక్కని రణం

వెనిస్ నగరంలో పిడికిళ్ళ వంతెన అని ఒకటుంది. శాన్ బర్నబా చర్చి పక్కన, ఇరుకు కాలువ మీద, నారి తెంపి పడేసిన విల్లులా వంగి ఉంటుంది. దాని నడినెత్తిన నాలుగు తెల్లరాతి పాదాలు పొదిగి ఉన్నాయి. పోరుకు దిగేవాడు ముందు ఆ పాదాల మీద కాలు మోపాలి. ఇటు కాస్తెల్లానీలు: ఓడల కార్ఖానాలో మేకులు కొట్టి, చెక్కలు చెక్కి, అరచేతులు కాయలు కాసిన తూర్పు పేటల వాళ్ళు. నెత్తిన ఎర్ర టోపీ, నడుముకు ఎర్ర పట్టీ. అటు నికొలొత్తీలు: ఉప్పునీటిలో వలలు లాగి వేళ్ళు పగిలిన పడమటి పేటల జాలర్లు. నల్ల టోపీ, నల్ల పట్టీ. ఒకే సముద్రం తిండి పెట్టినవాళ్ళు, ఒకే భాషలో తల్లిని పిలిచేవాళ్ళు. ఆ కాలంలో వంతెనకు పిట్టగోడ లేదు. గుద్దు తగిలినవాడు తిన్నగా కాలువలోకే.

సెప్టెంబరు మొదలు క్రిస్మస్ దాకా, సెలవురోజు వస్తే చాలు, వందల మంది ఆ విల్లు మీదికి ఎగబడేవారు. 1574లో ఫ్రాన్స్ రాజు మూడవ హెన్రీ విడిదికి వస్తే, ఆయన ముచ్చట తీర్చడానికి వెనిస్ దొరలే ఈ పోరు పెట్టించారు. పేదవాడి పన్ను ఊడుతుంటే రాజుగారు కిటికీలోంచి చూశాడు. జనం రెండు రంగులుగా చీలి ఉంటే ఒక్కటై తమ గుమ్మం మీదికి రారన్నది పాలకుల ధైర్యమని చరిత్ర తిరగేసినవాళ్ళు చెబుతూ వచ్చారు. ఆ ధైర్యం వయసు శతాబ్దాలు. 1705లో పిడికిళ్ళు చాలక రాళ్ళు లేచాయి, రాళ్ళు చాలక కత్తులు లేచాయి. అప్పుడు గాని ప్రభుత్వం ఆ పోరును నిషేధించలేదు.

ఆ పోరు ఇవాళ మన కళ్ళకు కడుతోందంటే అది చెక్కినవాళ్ళ పుణ్యం. జాకొమో ఫ్రాంకో అనే వెనిస్ చెక్కుడు చిత్రకారుడు, 1610 నాటి తన పుస్తకంలో, నగరం వేషాలూ వేడుకలూ చెక్కుతూ చెక్కుతూ ఈ వంతెన యుద్ధాన్నీ రాగిరేకు మీద పరిచాడు. వంతెన మీద మనుషుల పుట్ట. నీళ్ళ మీదికి జారే దేహాలు. కిటికీల్లో, పడవల్లో కిక్కిరిసిన చూపులు. నాలుగు వందల ఏళ్ళు దాటినా ఆ పడేవాడు ఇంకా పడుతూనే ఉన్నాడు. నీళ్ళు అతన్ని ఇంకా అందుకోలేదు.

రాగి మీద చెక్కడం అంటే ఏమిటో కాస్త చెప్పాలి. అరచేతి గుంటలో ఉలి పిడి ఆనించి ముందుకు తోస్తారు. చెయ్యి తిరగదు, రేకే తిరుగుతుంది. లోహం కొబ్బరి కోరులా సన్నగా చుట్టుకుంటూ పైకి లేస్తుంది. ఒక గీత తప్పిందా, దాన్ని తుడవడం కాదు, గీకి, సాన పెట్టి, మళ్ళీ మొదలు. గీత పూర్తయ్యాక దాని గాడిలో సిరా నింపి, పైపైన పల్చటి గుడ్డతో తుడిచి, తడి కాగితం పరిచి యంత్రం కింద నొక్కితే, లోతుల్లో దాగిన నలుపు కాగితాన్ని పట్టుకుని లేస్తుంది. రేకు మీది కుడిచెయ్యి కాగితం మీద ఎడమచెయ్యి అవుతుంది. కొట్టే వైపు, కొట్టించుకునే వైపు తారుమారవుతాయి. అందుకే చెక్కేవాడు ప్రతి మనిషినీ మనసులో ఒకసారి అవతలి వైపు నిలబెట్టి చూసుకోక తప్పదు. ఎర్ర టోపీవాడి కనుబొమకూ నల్ల టోపీవాడి కనుబొమకూ అదే ఉలి, అదే ఒత్తిడి, అంతే ఓపిక. చెక్కేవాడి మనసుకు పక్షం ఉండవచ్చు. ఉలికి లేదు.

ఇప్పుడు మన హైదరాబాద్‌కు, నీ దగ్గరికి వస్తాను, మూసీ నదీ, మూసమ్మా.

నాగోల్ వంతెన కింద గుర్రపుడెక్క కప్పుకుని, నురగ కక్కుకుంటూ, నగరం విడిచిన మురికంతా ఒళ్ళో పోసుకుని, ఒడ్డు గడ్డిలో మేసే బర్రెల మెడగంటలు వింటూ తూర్పుకు నడిచిపోతున్న తల్లీ! నీ నీళ్ళు ఇక్కడికి రాకముందు ఎక్కడెక్కడ ఆగి వచ్చాయో నాకు తెలుసు. హైకోర్టు గుమ్మటాల నీడ తాకి వచ్చావు. సిటీ కాలేజీ గోడ పక్కనుంచి వచ్చావు. ఉస్మానియా ఆసుపత్రి వార్డుల్లోని మూలుగు విని వచ్చావు. చాదర్‌ఘాట్ దాటి, మూసారాంబాగ్ దాటి, అంబర్‌పేట పక్కన ఒంగి, మా నాగోల్ గడపలో అడుగుపెట్టావు. నువ్వు చూడని వీధి పోరు ఈ నగరంలో ఏదమ్మా? నీ వంతెనలకు తెల్లరాతి పాదాలు ఎవరూ పొదగలేదు. పొదిగి ఉంటే, ఆ పాదాలన్నీ చెప్పులు జారవిడుచుకుని పరుగెత్తిన పిల్లలవే అయ్యేవి.

1952 సెప్టెంబరు 3 గుర్తుందా తల్లీ? అప్పటికి హైదరాబాద్ రాష్ట్రానికి ఎన్నికైన ప్రభుత్వం వచ్చి కొన్ని నెలలే. మా ఉద్యోగాలు మాకేనని, స్థానికులకే కొలువులన్న ముల్కీ నిబంధన ఉత్త కాగితమైపోయిందని, దొంగ ధ్రువపత్రాలతో బయటివాళ్ళు కుర్చీలెక్కారని బడిపిల్లలు, కాలేజీ కుర్రవాళ్ళు రోడ్డెక్కారు. సిటీ కాలేజీ ముందు తుపాకులు పేలాయి. ప్రాణాలు పోయాయి. మర్నాడూ ఊరు కుదుటపడలేదు, మళ్ళీ కాల్పులు. కొత్తగా పుట్టిన ప్రజాస్వామ్యానికి ఇంకా పురిటి స్నానమైనా కాలేదు. అప్పుడే నీ ఒడ్డున పుస్తకాల సంచీల మీద నెత్తురు.

పదిహేడేళ్ళు తిరిగాయి. 1969 వచ్చింది. జనవరిలో ఖమ్మం నేల మీద ప్రత్యేక తెలంగాణ పొగ రాజుకుంది. నెలలు తిరిగేసరికి నగరం నిండా మంట. మే 1న ఊరేగింపు నిషేధాన్ని కాదని జనం చార్మినార్ నుంచి రాజభవన్ వైపు కదిలారు. మళ్ళీ తుపాకులు. ఆ ఏడాది పోయినవాళ్ళు 369 మంది అని తెలంగాణ ఇంటింటా చెప్పుకుంటుంది. శాసనసభ ఎదుట గన్‌పార్కులో ఎక్కా యాదగిరిరావు వాళ్ళకు స్తూపం మలిచాడు. 1970లో పునాదిరాయి పడితే 1975కు నిలబడింది. కింద నల్లరాతి పీఠం మీద తూటా గుర్తుల్లా తొలిచిన రంధ్రాలు, అప్పటి తొమ్మిది జిల్లాలకు తొమ్మిది. పైన తొమ్మిది రేకుల తెల్లకమలం. రాతికి తూటా దెబ్బలు తొలిచిన ఆ చేతికి నా దండం. ఆ రంధ్రాల ముందు ఎంతసేపు నిలబడినా కాళ్ళు కదలవు. కానీ స్తూపంలో ముఖాలు ఉండవు. స్తూపం నమస్కారం అందుకుంటుంది గాని, పరుగెత్తుతున్న పిల్లవాడి మడమ ఎలా ఉందో చెప్పదు. తుపాకీ ఎక్కుపెట్టిన వాడి చెయ్యి వణికిందో లేదో చెప్పదు.

ఇక మా ఎల్బీనగర్ చౌరస్తా. నాగోల్ నుంచి ఇన్నర్ రింగురోడ్డు పట్టుకుని, అల్కాపురి దాటి దక్షిణానికి పోతే వచ్చే కూడలి. ఒక దారి నల్గొండకు, విజయవాడకు. ఒక దారి సాగర్ వైపు. ఒక దారి కొత్తపేట, దిల్‌సుఖ్‌నగర్ మీదుగా నగరం గుండెలోకి. మూడు ప్రాంతాల యాస ఈ చౌరస్తాలో బస్సు దిగుతుంది. సూర్యాపేట నుంచి వచ్చిన తల్లి సద్దిమూట, గుంటూరు నుంచి వచ్చిన తండ్రి కారప్పొడి డబ్బా, కర్నూలు పిల్లవాడి రేకు పెట్టె ఇక్కడే ఆటో ఎక్కుతాయి. దిల్‌సుఖ్‌నగర్ హాస్టళ్ళలో, ఒకే గదిలో నాలుగు మంచాల మీద నాలుగు జిల్లాలు నిద్రపోతాయి. గ్రూప్స్‌కు, బ్యాంకు పరీక్షలకు చదివే ఆ పిల్లలు ఒకే మెస్సులో ఒకే సాంబారు పోసుకున్నారు. ఉద్యమం వచ్చినప్పుడు అదే గదిలో ఒకడు నినాదమై లేచాడు, ఒకడు తలుపు దగ్గరే మౌనంగా నిలబడిపోయాడు. ఇద్దరి గుండెలోనూ అదే భయం: నాకు కొలువు వస్తుందా, ఊళ్ళో అమ్మకు ఏం చెప్పను?

2009 నవంబరు 29. ప్రత్యేక రాష్ట్రం కోసం నిరాహార దీక్షకు సిద్దిపేట బయలుదేరిన ఉద్యమ నేత కేసీఆర్‌ను కరీంనగర్ దగ్గర అల్గునూరులో అరెస్టు చేశారు. కబురు అందిన చోటల్లా రోడ్లు రగిలాయి. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో లాఠీలు లేచాయి. ఎల్బీనగర్ చౌరస్తాలో, మోత్కూరు మండలం పొడిచేడు నుంచి వచ్చిన కాసోజు శ్రీకాంతాచారి తన ఒంటినే మంటకు ఇచ్చుకున్నాడు. మంటల మధ్య నుంచి జై తెలంగాణ అన్నాడు. డిసెంబరు 3న ప్రాణం విడిచాడు. ఆరు రోజులకు, డిసెంబరు 9 రాత్రి, రాష్ట్రం ఏర్పాటు ప్రక్రియ మొదలవుతుందని ఢిల్లీ ప్రకటించింది. 2014 జూన్ 2న రాష్ట్రం వచ్చింది.

ఓ బిడ్డా! ఏ రాష్ట్రమూ, ఏ జెండా, ఏ దేవుడూ అంత ధర అడగకూడదు. నువ్వు బతికి ఉండి ఈ కూడలిలో మెట్రో దిగాల్సినవాడివి. నీ పెళ్ళికి నీ తల్లి కొత్తపేటలో చీరలు ఏరాల్సింది. నీ పిల్లలను శిల్పారామానికి తోలుకొచ్చి మూసీ గాలికి ముక్కు మూసుకోవాల్సినవాడివి. నిన్ను విగ్రహం చేసి నిలబెట్టుకున్నాం, ఏటా పూలదండ వేస్తాం. దండ వాడిపోతుంది, నీ మెడ వాడదు, నీ మెడ వంగదు. బతికిన మెడకు వంగడం తెలుసు, ఒక బిడ్డ తలను తన భుజాన ఆనించుకోవడం తెలుసు. కంచు మెడకు ఆ భాగ్యం ఎవరిస్తారు?

ఇంత జరిగింది. పాట దొరికింది దానికి. గద్దర్ గొంతు, గోరటి వెంకన్న గొంతు, అందెశ్రీ గొంతు, ధూంధాం డప్పులు, గజ్జెలు ఈ దుఃఖాన్ని ఊరూరా మోశాయి. ఫొటోలు దొరికాయి, చేతిఫోను వీడియోలు దొరికాయి. ఫ్లెక్సీలు లెక్కకు మించి దొరికాయి. కానీ వెనిస్ వంతెనకు దొరికిన రేకు మన చౌరస్తాకు దొరకలేదు. కొట్టినవాడినీ పడినవాడినీ, కిటికీలోంచి చూసినవాడినీ, షట్టరు దించుకున్న దుకాణదారునూ, నిరసనగా నడిరోడ్డు మీద పెట్టిన వంటావార్పు పొయ్యికి కట్టెలు ఎగదోసిన ఆడవాళ్ళనూ, అందరినీ ఒకే లోహం మీద, ఒకే ఓపికతో చెక్కిన బొమ్మ నా నాగోల్ ఇళ్ళ గోడల మీద లేదు. ఫొటో ఒక్క క్షణంలో తీస్తారు. పాట ఒక గొంతుతో పాడతారు. చెక్కుడు బొమ్మకు వారాలు, నెలలు పడతాయి. ఆ నెలలన్నీ చెక్కేవాడు ఆ మనుషులతో కూర్చోవాలి. కోపం అంతకాలం నిలవదు. ఉలి కదులుతుండగానే కోపం దుఃఖంగా మారుతుంది. మనం పోగొట్టుకున్నది ఆ నెమ్మదినే.

తెలుగు చేతికి ఆ విద్య తెలియదా అంటే, లోకానికే నేర్పిన చెయ్యి మనది. చిత్తూరు దగ్గర నందనూరులో 1925లో పుట్టాడు కృష్ణారెడ్డి. శాంతినికేతనంలో నందలాల్ బోస్ దగ్గర చదువుకున్నాడు. అవి క్విట్ ఇండియా రోజులు, బెంగాల్ కరువు రోజులు. ఆకలితో కలకత్తా పేవ్‌మెంట్ల మీద రాలిన శవాల కాలంలో ఆయన కన్ను విచ్చుకుంది. మద్రాసు కళాక్షేత్రంలో పాఠం చెప్పాడు. లండన్ వెళ్ళి హెన్రీ మూర్ దగ్గర, పారిస్ వెళ్ళి జాడ్కిన్ దగ్గర శిల్పం నేర్చాడు. ఇటలీలో మిలాన్ వెళ్ళి మరీనో మరీనీ దగ్గర కూర్చున్నాడు. ఫ్రాంకో రాగిరేకు చెక్కిన నేల మీద ఒక రాయలసీమ కుర్రవాడు నడిచిన తోవ అది. ఆ తరువాత పారిస్‌లో హేటర్ నడిపిన అటెలియే 17 అనే ముద్రణశాలలో స్థిరపడ్డాడు, 1960లలో దానికి సహ నిర్వాహకుడయ్యాడు.

అక్కడ ఆయన, కైకో మోతీ అనే మరో భారతీయుడు, హేటర్ బృందంతో కలిసి కనిపెట్టిన విద్య నన్ను ఎప్పుడూ ఆశ్చర్యంలో ముంచుతుంది. అప్పటిదాకా మామూలుగా రంగు రంగుకూ ఒక రేకు కావాలి. వీళ్ళు ఒకే రేకును మెట్లు మెట్లుగా వేర్వేరు లోతుల్లో చెక్కారు. అట్టడుగు గాడుల్లో ముందు ఒక సిరా నింపి తుడిచారు. అవిసె నూనె ఎక్కువ కలిపిన పల్చటి సిరాను గట్టి రోలరుతో పైమెట్టు మీద నడిపారు. నూనె తక్కువైన చిక్కటి సిరాను మెత్తటి రోలరుతో దాని మీదుగా నడిపారు. మెత్తటి రోలరు గుంటల్లోకి దిగి లోపలి మెట్టుకు రంగు పూసింది. పైమెట్టు మీది పల్చటి నూనె ఆ చిక్కటి సిరాను తన మీద వాలనివ్వలేదు. ఒక రంగు ఇంకో రంగును చెరపలేదు, మింగలేదు. దేని లోతులో అది నిలిచి, పక్కపక్కనే ఒదిగి, ఒక్క నొక్కుతో ఒకే కాగితం మీదికి వచ్చాయి.

ఎల్బీనగర్ చౌరస్తాకు కావలసిన విద్య ఇదేనని నేను నమ్ముతాను. నల్గొండ లోతు వేరు. కృష్ణా డెల్టా లోతు వేరు. సీమ లోతు వేరు. పాతబస్తీ ఉర్దూ లోతు వేరు. వీటిని గీకి ఒకే మట్టానికి తెస్తామన్నవాడు రేకునే పాడు చేశాడు. ఒక రంగును పైన పోసి మిగతావి ముంచేద్దామనుకున్నవాడు కాగితాన్ని బురద చేశాడు. లోతులు లోతులుగా ఉండనిచ్చి, అందరినీ ఒకే రేకు మీద నిలబెట్టే చెయ్యి కావాలి. ఆ చెయ్యి మన ఇంట్లో పుట్టి, మన వాకిలి దాటిపోయింది.

1968 మే నెలలో పారిస్ భగ్గుమంది. మే 10 రాత్రి విద్యార్థులు లాటిన్ క్వార్టర్ వీధుల్లో రోడ్డు రాళ్ళు పెకలించి అడ్డుగోడలు కట్టారు. పోలీసులు బాష్పవాయువుతో విరుచుకుపడ్డారు. తెల్లవారేసరికి కాలిన కార్ల పొగ. కృష్ణారెడ్డి ఆ నగరంలోనే ఉన్నాడు. ఆ వీధి ఆయన కంట్లో పడింది, రేకు మీదికి దిగింది. 1968 నాటి ఆ బొమ్మ పేరు డెమాన్‌స్ట్రేటర్స్, ప్రదర్శనకారులు. ఎవరి ముఖమూ విడిగా గుర్తుపట్టలేం. ఒకరికొకరు ఆనుకుని నిటారుగా లేచిన మనుషుల గుంపు. భూమిలోంచి ఒక అడవి నిలువునా మొలిచినట్టు. పారిస్ పిల్లల ఆవేశానికి తెలుగువాడి అరచేతి గుంటలోంచి రూపం వచ్చింది. సరిగ్గా ఏడాదికి, మరో మే నెలలో, మన చార్మినార్ దగ్గర పిల్లలు అలాగే ఒకరికొకరు ఆనుకుని లేచారు. వాళ్ళను రాగి మీద పరుచుకునే చెయ్యి దగ్గరలో లేదు. అడవి మొలిచింది, తూటాలకు కూలింది. రేకు ఖాళీగా ఉండిపోయింది.

కృష్ణారెడ్డికి 1972లో పద్మశ్రీ వచ్చింది. 1976లో న్యూయార్క్ వెళ్ళి అక్కడి విశ్వవిద్యాలయంలో ముద్రణకళ నేర్పాడు. 2018 ఆగస్టు 22న అక్కడే కన్నుమూశాడు. ఆ మరుసటి నెల, సెప్టెంబరు 24న, ఎల్బీనగర్ నుంచి అమీర్‌పేటకు మెట్రో నడిచింది. మా నాగోల్ మెట్రోలో జనం మొదటిసారి అడుగుపెట్టింది 2017 నవంబరు 29న. అంతకు ఎనిమిదేళ్ళ కిందట అదే తేదీన ఎల్బీనగర్ చౌరస్తా ఏమి చూసిందో ఆ రోజు టికెట్ల వరుసలో నిలబడ్డవాళ్ళలో ఎంతమందికి గుర్తొచ్చి ఉంటుంది? కాలం కొత్త పట్టాలు వేస్తుంది. రైలు అద్దంలోంచి చూస్తే చౌరస్తా చిన్నదైపోతుంది. దీన్ని తప్పని నేను అనను. మనుషులు ఇంటికి పోవాలి, అన్నం తినాలి. కానీ గుర్తు పెట్టుకునే బాధ్యత పట్టాలకు అప్పగించి పోలేం.

లాఠీ పట్టిన కానిస్టేబుల్ కూడా మనవాడే. అతని ఊళ్ళోనూ ఎండిన బోరు ఉంది. అతని తమ్ముడు కూడా ఏదో హాస్టల్లో గ్రూప్స్‌కు చదువుతూ ఉండవచ్చు. తెల్లవారి డ్యూటీ దిగి ఇంటికి పోయి బూట్లు విప్పినప్పుడు అతని చేతికి ఏ బరువు తెలిసిందో ఏ పాట పాడింది? ఉద్యమం రోజుల్లో తన యాస విని ఎవరైనా నిలదీస్తారేమోనని కిరాణా కొట్టు దగ్గర గొంతు తగ్గించి మాట్లాడిన కోస్తా ఇల్లాలి భయాన్ని ఏ విగ్రహం మోసింది? వాళ్ళను వదిలేసి గీసిన బొమ్మ సగం బొమ్మే. సగం బొమ్మలతోనే ఇన్నేళ్ళు గడిపాం. సగం దుఃఖం ఎండదు, పుండై లోపలే సలుపుతుంది.

ఈ విద్య ఇంకా మన ఊళ్ళోనే ఉంది. మెదక్ జిల్లా నిజాంపూర్‌లో పుట్టిన లక్ష్మాగౌడ్ ఎచింగ్ రేకుల మీద మన పల్లె మనుషులనూ మేకలనూ తుమ్మచెట్లనూ చెక్కి, గచ్చిబౌలిలోని హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలో పిల్లలకు పాఠం చెప్పాడు. అక్కడి సరోజినీ నాయుడు స్కూల్‌లో ముద్రణకళ నేర్చుకునే పిల్లలున్నారు. మెట్రో ఎక్కితే ఒక పూట ప్రయాణం కూడా కాదు వాళ్ళకు మా నాగోల్.

రండి బిడ్డలారా. రేకు కొనడానికి డబ్బు లేకపోతే మా కాలనీల్లో చందా వేసుకుంటాం. చిట్టీ కట్టే ఆడవాళ్ళు, పింఛను తీసుకునే పెద్దవాళ్ళు, ఆటో నడిపే తమ్ముళ్ళు తలా కాస్త ఇస్తారు, అడిగే పని నాది. సిటీ కాలేజీ గేటు చెక్కండి. 1969 మే నాటి చార్మినార్ చెక్కండి. ఎల్బీనగర్ చౌరస్తా చెక్కండి: పరుగెత్తే పిల్లలు, లాఠీ ఎత్తిన చెయ్యి, షట్టరు సందులోంచి చూసే కళ్ళు, రోడ్డు మధ్య ఉడికే అన్నం గుండిగ. శ్రీకాంతాచారి మంటను చెక్కకండి, అతని ముఖం చెక్కండి, బతికి ఉన్నప్పటి ముఖం. ఎవరినీ వదలకండి, ఎవరి లోతునూ చెరపకండి. మొదటి ప్రతి గన్‌పార్కుకు ఇవ్వండి, రెండోది పొడిచేడుకు, మూడోది పోలీసు శిక్షణ కేంద్రానికి. నాలుగోది మాకివ్వండి, నాగోల్ మెట్రో మెట్ల దగ్గర, దిగేవాళ్ళందరికీ కనపడేలా పెట్టుకుంటాం.